ముందు నీళ్లు, తర్వాత పొడి

ఆ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పిల్లలందరికీ ఆయన ‘గీతదాకా బాబాయ్’. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన నోట్లోంచి రోజుకి నలభైసార్లు ఊడిపడే మాట అదే మరి.

“పొడి ముందెయ్యి. కాసిని నీళ్లు పోసి కరిగించు. ఆ తర్వాత గీత దాకా నింపు. గీత దాటిందా, పారబోసి మళ్లీ మొదలెట్టు.”

పొడుగు మెడ ఫ్లాస్కుకి మెడ చుట్టూ సన్నటి గీత ఉంటుంది. నీటి మట్టం అడుగు వంపు సరిగ్గా ఆ గీతని తాకాలి. బాబాయ్ మోకాళ్లు వంచి, కన్ను గీతకి ఎదురుగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఆఖరి చుక్క వదిలేవాడు. నిలబడి పైనుంచి చూసే కుర్రకారుని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. “పైనుంచి చూస్తే ఎక్కువ కనపడుతుందిరా! నడుం వంచితే అరిగిపోతావా?” అనేవాడు. ఎంత పెద్ద ఇంటి పిల్లయినా ఆయన ల్యాబ్‌లో నడుం వంచాల్సిందే.

ఆయన చదివింది పదో తరగతి. పనిలో చేరిన కొత్తల్లో ఆమ్లానికీ క్షారానికీ తేడా తెలియక రెండు చేతులూ కాల్చుకున్నాడు. అప్పటి పెద్ద అటెండరు చేతులు కడిగి, మందు రాసి, “ఇకనుంచి సీసా ముట్టుకునేముందు దాని మీద ఏం రాసుందో పైకి చదువు. నీకు వినపడేలా చదువు” అన్నాడు. ఆ ఒక్క మాటకి బాబాయ్ జీవితాంతం రుణపడి ఉన్నాననుకున్నాడు. పెద్దాయన పోయి ఇరవై ఏళ్లయినా, కొత్త పిల్లలు వచ్చిన మొదటి రోజున ఆ మాట ఆయన పేరు మీదే చెప్పేవాడు.

ఫార్ములాలంటే బాబాయ్‌కి భయం లేదు, భక్తి ఉంది. వాటి లోతుపాతులు తెలియకపోయినా ఏది ఏ అల్మారాలో ఉందో తెలుసు. పిల్లలు కావాలని గిల్లేవాళ్లు.

“బాబాయ్, వాషింగ్ సోడా ఫార్ములాలో పది నీళ్లు ఎందుకున్నాయి?”

“అది మేడమ్‌ని అడుగు. నువ్వు బ్యూరెట్ కడిగావా లేదా అన్నది నన్నడుగు. కడగలేదు.”

అడిగేవాళ్లు పిల్లలొక్కళ్లే అయితే బాగుండేది. ఊడ్చే ఆవిడ వచ్చి బకెట్‌కి ఎంత బ్లీచింగ్ పొడి వెయ్యాలో అడిగేది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒకరోజు తన ఇంటి గుండ్రటి తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో లెక్క కట్టుకొచ్చి, అంత తొట్టి వీధిలో ఎవరింట్లోనూ లేదని మురిసిపోయాడు. బాబాయ్‌కి అనుమానం వచ్చి అతన్ని పక్క గదిలోని లెక్కల మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాడు. మాస్టారు కాగితం చూసి, “ఏమయ్యా, తొట్టి మధ్య నుంచి అంచుకి కొలవమంటే ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలిచావు కదూ? నీ తొట్టి ఇందులో నాలుగో వంతు” అన్నాడు. వాచ్‌మన్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. “ఫార్ములాది తప్పు లేదు. దాన్ని ఎక్కడ వాడుతున్నామో చూసుకోవాలి, అంతే” అని బాబాయ్ పెద్దరికంగా ఓదార్చాడు. చెప్పడం ఎంత తేలికో ఆయనకి ఆ తర్వాత తెలిసొచ్చింది.

ఆయన భార్య పోయి నాలుగేళ్లయింది. ఒక్కతే కూతురు. అల్లుడు సరుకు లారీ నడుపుతాడు, పదిహేను రోజులకోసారి వచ్చి రెండు రోజులుండి వెళతాడు. కాన్పుకి కూతురు తండ్రి దగ్గరికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడు వారాలు అంతా బాగానే నడిచింది. నాలుగో వారంలో కూతురికి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, మందులు గట్టివి వాడాలి, ఆ మందులు పాలల్లోకి దిగుతాయి కాబట్టి బిడ్డకి కొన్నాళ్లు పొడిపాలే పట్టమని డాక్టరు చెప్పాడు. మంచం దిగకుండా విశ్రాంతి తీసుకుంటేనే జబ్బు లొంగుతుందని కూడా గట్టిగా చెప్పాడు.

బాబాయ్ పోగేసుకున్న సెలవులన్నీ ఒక్క దెబ్బకి తీసేశాడు. ఆసుపత్రి నుంచి పాలపొడి డబ్బా, సీసాలు తెచ్చుకుని వంటింట్లోకి అడుగుపెట్టిన క్షణాన ఆయనకి ఏనుగెక్కినంత సంబరమైంది. కొలత, పొడి, నీళ్లు, గాజు సీసా, దాని మీద గీతలు! జన్మంతా చేసిన పనే కదా. పక్కింటావిడ సాయం చేస్తానని గుమ్మంలోకి వస్తే, “చేతులు కడుక్కున్నారా?” అని అడిగి, ఆవిడ కడుక్కొచ్చేలోపు తలుపు మూసేశాడు.

శుభ్రం విషయంలో ఆయనకి వంక పెట్టే మొనగాడు లేడు. సీసాలు బ్రష్షుతో తోమి, మరిగించి, పటకారుతో తీసి, ఉతికిన గుడ్డ మీద బోర్లించేవాడు. నీళ్లు కళపెళా కాగాక కాసేపు ఆగేవాడు. పొడి చెంచా నిండాక చాకు వెనక వైపుతో గీసి చదును చేసేవాడు. మూడు చెంచాలు సీసాలో పడేవి. కాసిని నీళ్లు పోసి, ఊపి కరిగించి, ఆ తర్వాత తొంభై మిల్లీలీటర్ల గీత దాకా నింపేవాడు. పాలకి నురగ వస్తుంది కదా, అది దిగేదాకా ఆగి, మోకాళ్లు వంచి చూసి, రెండు చుక్కలు తక్కువైతే ఆ రెండూ పోసేవాడు. ఆ లోపు మనవరాలు ఇల్లు ఎగరగొట్టేది.

“నాన్నా, అది ఏడుస్తోంది, ఇచ్చెయ్యి!” అని కూతురు మంచం మీద నుంచి అరిచేది.

“ఉండమ్మా, గీత దాకా రావాలి.”

తీసుకొచ్చి మనవరాలిని ఒళ్లో పెట్టుకుని పట్టేవాడు. పట్టాక మూత్రంతో తడిసిన గుడ్డ దగ్గర నుంచి విరేచనం దాకా అన్నీ ల్యాబ్ రికార్డు పుస్తకంలో టైముతో సహా రాసేవాడు. ఎందుకు రాస్తున్నావని కూతురు అడిగితే, “రాయకపోతే ప్రయోగం చేసినట్టు కాదు” అన్నాడు. కూతురు అంత జ్వరంలోనూ నవ్వింది.

వారం గడిచేసరికి పిల్లకి చిరాకు మొదలైంది. పాలు గటగటా తాగేది, తాగాక కూడా నోరు తెరిచి వెతుక్కునేది, ఏడ్చేది. విరేచనం గట్టిపడి, మొహం ఎర్రగా చేసుకుని ముక్కేది. ఆకలి తీరట్లేదేమోనని కూతురు అంది. ఎండలు ముదురుతున్నాయి, అందుకేనేమోనని తండ్రి అన్నాడు. పాలు సరిగ్గా కలుస్తున్నాయా అన్న అనుమానం ఇద్దరికీ రాలేదు. కలిపేది ఎవరు? ముప్ఫై ఒక్క ఏళ్ల చెయ్యి.

పదకొండో రోజున బరువు చూపించడానికి పిల్లని వీధి చివర ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. కూతురు కూడా ఓపిక చేసుకుని వచ్చింది. అక్కడ నర్సు నడివయసు మనిషి, మాట మెత్తన, చూపు చురుకు. పిల్లని తక్కెడలో వేసి చూసి, “బరువు బాగానే పెరిగింది” అంది. బాబాయ్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. నర్సు పిల్ల పెదవుల మీద వేలు పెట్టి చూసి, “రోజుకి ఎన్నిసార్లు తడుపుతోంది?” అని అడిగింది.

బాబాయ్ ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు రికార్డు పుస్తకం తెరిచాడు. మొదటి రోజు ఏడు. తర్వాత ఆరు. ఆరు. అయిదు. నిన్న నాలుగు. చదువుతున్నకొద్దీ ఆయన గొంతు ఎందుకో నెమ్మదించింది. నర్సు పుస్తకం తన చేతిలోకి తీసుకుని పేజీలు వెనక్కి తిప్పింది.

“పాలు ఎవరు కలుపుతున్నారు?”

“నేనే.”

“ఒక సీసా కలిపి చూపిస్తారా బాబాయ్ గారూ? అన్నీ ఇక్కడే ఉన్నాయి.”

చూపించాడు. పెళ్లిచూపుల్లో పాట పాడినంత శ్రద్ధగా చూపించాడు. మూడు చదును చెంచాలు, కాసిని నీళ్లు, ఊపడం, నురగ దిగనివ్వడం, మోకాళ్లు వంచడం, తొంభై గీత. సీసా నర్సు చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పిల్ల నోటికి అందించలేదు. బల్ల మీద పెట్టింది.

“చెయ్యి చాలా శుభ్రమండీ మీది. ఒక్క సంగతి అడుగుతాను. ఈ తొంభైలో నీళ్లెన్ని?”

“తొం...” అని ఆగిపోయాడు.

ఆవిడ ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ల్యాబ్‌లో గీత దాకా అంటే పొడీ నీళ్లూ కలిసి గీత దాకా. అక్కడ అదే సరైన పద్ధతి. ఇక్కడ తొంభై కొలవాల్సింది నీళ్లని. నీళ్లు తొంభై పోసి, దానిలో పొడి వేస్తే పాలు గీత దాటి పైకి రావాలి. గీత దాటితే పారబొయ్యమని ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పిన మనిషికి, గీత దాటడమే సరి అన్న సంగతి ఎలా తడుతుంది? పప్పులో కాలేశాడు. పదకొండు రోజులు, రోజుకి ఎనిమిదిసార్లు, ఎంతో పొందిగ్గా వేశాడు.

నర్సు లోపలి గదిలోని డాక్టరుకి పిల్లని చూపించింది. డాక్టరు ఒళ్లంతా పరీక్ష చేసి, ప్రమాదమేం లేదు, నీరు చాలట్లేదు అంతే, పాలు సరిగ్గా కలిపితే రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నాడు. ఎండలు ఇంకా ముదిరాక, ఇలాగే ఇంకొన్నాళ్లు సాగుంటే కష్టమయ్యేదని కూడా అన్నాడు. నర్సు పుస్తకం తిరిగిస్తూ, “మీరిది రాసి ఉంచబట్టి తెలిసింది. ఎన్నిసార్లు తడుపుతోందంటే చాలామంది ‘బాగానే తడుపుతోంది’ అంటారు. మీకు థాంక్సండీ” అంది. బాబాయ్‌కి ఆ మాట చెవికెక్కలేదు.

ఇంటి మెట్లెక్కుతూ కూతురు, “డబ్బా మీద రాసుంది కదా నాన్నా” అంది. అంతే అంది.

ఆయన లోపలికెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా తిప్పి చూశాడు. మొదటి వాక్యం అదే. ముందు కాచిన నీళ్లు కొలిచి సీసాలో పోయాలి. పక్కన బొమ్మ కూడా ఉంది, చదువు రానివాళ్ల కోసం. ఆయన మొదటి రోజున అంకెల పట్టిక మాత్రం చూసుకున్నాడు, వయసుకెంత, నీళ్లెన్ని, చెంచాలెన్ని అని. మిగతాది తనకి తెలిసిన పనే కదా అనుకున్నాడు. సీసా మీద ఏం రాసుందో పైకి చదవమని తను ఎన్ని వందలమంది పిల్లల్ని సతాయించాడో తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

ఆ పూట నుంచి ఆయన డబ్బా ముట్టుకోలేదు.

సీసాలు తోమాడు, మరిగించాడు, గుడ్డలు ఉతికాడు, వంట చేశాడు. పాలు కలిపే వేళకి మాత్రం, “నువ్వే కలుపమ్మా” అని పెరట్లోకి వెళ్లిపోయేవాడు. కూతురు గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వచ్చి కలుపుకునేది. రోజుకి ఎనిమిదిసార్లు. పిల్ల మాత్రం మర్నాటి నుంచే తేరుకుంది. రెండో రోజుకి ఆరుసార్లు తడిపింది, మూడో రోజుకి ఏడు. పుస్తకంలో ఆ ఏడు వేస్తున్నప్పుడు బాబాయ్ కళ్లు చెమ్మగిల్లాయి. తనని ఇంత తొందరగా క్షమించేసిన ఆ చిట్టి ఒంటికి లోలోపల దణ్ణం పెట్టుకున్నాడు. కూతురి పరిస్థితి అలా లేదు. తగ్గుముఖం పట్టిన జ్వరం అయిదో రోజు సాయంత్రానికి మళ్లీ నూట ఒకటికి ఎక్కింది.

ఆరో రోజు మధ్యాహ్నం లెక్కల మాస్టారు వచ్చాడు. వెనక వీధిలోనే ఉంటాడు, రెండు వారాలుగా స్నేహితుడు కనపడకపోయేసరికి తనే వెతుక్కుంటూ వచ్చాడు. వరండాలో కూర్చుని కథంతా విన్నాడు. విన్నాక, కోపగించుకోకుండా, ఓదార్చకుండా, జేబులోంచి పెన్ను తీశాడు. లెక్కల మాస్టార్లకి సానుభూతి చూపించే పద్ధతి అదే.

“మూడు చెంచాల పొడి ఎంత జాగా ఆక్రమిస్తుంది?”

“సుమారు పది.”

“అంటే నువ్వు పోసింది ఎనభై. సీసాకి పది తక్కువ, ఎనిమిది సీసాలకి ఎనభై. రోజుకి దగ్గర దగ్గర ఒక సీసాడు నీళ్లు పిల్లకి అందలేదు.”

“అదే కదా మాస్టారూ. ఈ చేత్తో ఇంక ఎలా కలపను?”

మాస్టారు వంటింటి వైపు చూశాడు. కూతురు ఒక చేత్తో గట్టు పట్టుకుని, ఒక చేత్తో చెంచా గీస్తోంది.

“అది మొదటి లెక్క. ఇక రెండోది చెయ్యి. తప్పు చేసింది నువ్వు. పెరట్లో నీడలో కూర్చుంటున్నది నువ్వు. జ్వరంతో నిలబడుతున్నది నీ కూతురు. శిక్ష ఎవరికి పడుతోందయ్యా?”

బాబాయ్ కూడా వంటింటి వైపు చూశాడు.

“నర్సమ్మ నిన్ను కలపొద్దందా?”

“లేదు.”

“మరి ఎవరన్నారు?”

ఎవరూ అనలేదు. ఆయనకి ఆయనే అనుకున్నాడు. సిగ్గు పడటం కూడా ఒక సుఖమేనని, తను ఆరు రోజులుగా ఆ సుఖంలో కూర్చున్నాడని అప్పుడు తెలిసింది. మాస్టారు టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ మొండి మనిషి తన గుమ్మంలోకి ఆ వేళకి వచ్చినందుకు బాబాయ్ ఎంత సంతోషించాడో చెప్పలేం. ఓదార్చి ఉంటే ఇంకో ఆరు రోజులు పెరట్లోనే ఉండేవాడు.

తర్వాతి పాల వేళ నాలుగింటికి. పిల్ల ముందే ఏడుపు అందుకుంది. కూతురు మంచం అంచు పట్టుకుని లేవబోతోంది. బాబాయ్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు, నీళ్లు కారుతున్నాయి.

“అమ్మా, నేను కలుపుతాను.”

కూతురు తలెత్తి చూసింది.

“నువ్వు ఆ కుర్చీలో కూర్చుని చూడు. నీళ్లు పోశాక చూడు, ఒక్కో చెంచా వేసేటప్పుడు చూడు. నువ్వు సరే అంటేనే పిల్లకిద్దాం. ఎన్నాళ్లయినా సరే, నువ్వు చూస్తేనే కలుపుతా.”

“నేను చూడను నాన్నా.”

ఆయన మొహం పాలిపోయింది. కూతురు వెనక్కి వాలి, కాళ్లు మంచం మీదికి లాక్కుంది.

“పదకొండు రోజులు ఇక్కడ పడుకుని తలుపులోంచి చూస్తూనే ఉన్నాగా. నువ్వు పొడి ముందెయ్యడం రోజూ చూశాను. నాకేం తెలిసింది? డబ్బా ఆ గట్టు మీదే ఉండేది, ఒక్కసారి తెమ్మని నేనూ చదవలేదు. ఆ రోజు మెట్ల మీద నిన్నన్న మాట నన్ను నేను అనుకున్నదే. నీ మీదికి తోసేశాను.”

“నువ్వన్నది నిజమేగా తల్లీ.”

“నిజమే. కానీ రాసి పెట్టింది నువ్వు. నువ్వు రాయకపోతే ఇప్పటికీ అదే తాగుతుండేది.” కళ్లు మూతలు పడుతుంటే ఆమె దుప్పటి భుజం మీదికి లాక్కుంది. “నాకు ఓపిక లేదు నాన్నా. దానికి ఆకలేస్తోంది. నువ్వు కలుపు.”

గోడ వైపు తిరిగి పడుకుంది.

బాబాయ్‌కి ఎన్నో చెప్పాలనిపించింది. మొహాన కొట్టినట్టు చెప్పకుండా ఒక ప్రశ్న అడిగి వదిలేసిన నర్సమ్మకి, టీ తాగకుండా లేచిపోయిన మాస్టారికి, రెండు రోజుల్లో తేరుకున్న మనవరాలికి, అందరికంటే ఎక్కువ ఈ మంచం మీది కూతురికి. కానీ పిల్ల ఇల్లు ఎగరగొడుతోంది. వంటింట్లోకి వెళ్లి డబ్బా అందుకున్నాడు.

తలుపు బార్లా తెరిచే ఉంచాడు. కూతురికి వినపడాలని డబ్బా మీది వాక్యాలు పైకి చదువుతూ మొదలుపెట్టాడు.

“ముందు నీళ్లు. తొంభై.” మోకాళ్లు వంచి చూశాడు. “తొంభై అయిందమ్మా. ఇప్పుడు పొడి. ఒకటి.”

చాకుతో గీసి రెండో చెంచా వేశాడు. నీళ్లు తెల్లబడి గీత దాటి పైకొచ్చాయి.

“రెండు” అన్నాడు, ఇంకాస్త గట్టిగా. గదిలోంచి ఊ అన్న మాటైనా వస్తుందేమోనని ఆగి, మెడ చాచి చూశాడు.

మూడోదాన్ని లోపలే లెక్కపెట్టుకున్నాడు. కూతురు అప్పటికే నిద్రపోయింది.